కేరాఫ్‌కు గడి లేదు

ఫారాలు అచ్చువేయించిన పెద్దలారా, ఈ నేరం మీది. ఇంకొకరి మీదకు నెట్టకండి. తండ్రి పేరుకు గడి పెట్టారు. ఒంటిమీద పుట్టుమచ్చకు గడి పెట్టారు. ఇంటి నంబరుకు వరసగా ఏడు గళ్లు పెట్టారు. ఇల్లే లేని మనిషికి వచ్చే కాగితం ఎవరి చేతిలో పెట్టాలో రాయడానికి మాత్రం మీకు బెత్తెడు చోటు దొరకలేదు. ఆ బెత్తెడు చోటు లేక ఒక ఆడమనిషికి రావలసిన గది ఈ సాయంత్రం ఐదు గంటలకు చేజారిపోతోంది. మీరు ఎక్కడ కూర్చుని ఆ ఫారం గీశారో తెలియదు. దాని దెబ్బ తగిలింది మాత్రం రెండు గదుల ఒక ఇంటికి.

శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో పాలు పొంగి, పొయ్యి ఆరిపోయింది. అత్తగారు, ఆమె కొడుకు, కోడలు ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

"సంతకం మీదేనా అత్తయ్యా?"

కోడలి చేతిలో నిన్న సాయంత్రం ఆఫీసులో ఇచ్చిన విచారణ కాగితం నకలు ఉంది. అత్తగారు కళ్లజోడు వెతుకుతున్నట్టు బల్ల తడిమింది. కళ్లజోడు ఆమె నెత్తిమీదే ఉంది.

"నాదే. విచారణకొచ్చినతను వేలిముద్ర వెయ్యమంటాడేమోనని ముందే పెన్ను లాక్కుని మరీ పెట్టాను. ఏం, వంకరగా ఉందా?"

"వంకరగా ఉన్నా బాగుండేది. ఎవరిదో తెలీదని అనేవాళ్లం."

"అసలేమైందో చెప్పి తర్వాత తిట్టు."

ఏమైందో చెప్పడానికి కోడలికి పది మాటలు చాలు. వాటిని ఈ ఇంట్లో చెప్పడానికే ఎనిమిది నెలలు పట్టింది.

ఆమె ఉద్యోగం వీధుల్లో. తల చెదిరి, ఇల్లు చెదిరి, బల్లల మీదా మెట్ల కిందా బతుకుతున్న నలభై ఇద్దరు ఆమె వంతు. వాళ్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి, మందు ఇప్పించాలి, కార్డు చేయించాలి, మాట వినకపోతే మర్నాడు మళ్లీ వెళ్లాలి. ఆ నలభై ఇద్దరిలో ఒకామె బస్‌స్టాండు తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర ఉంటుంది. చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ సంచినీ అరచేత్తో ఒత్తి మడత పెడుతుంది కాబట్టి అందరికీ మడతలమ్మ.

ఇల్లు లేనివాళ్లకు సర్కారు ఇచ్చే గదుల జాబితాలో ఆమె పేరు పద్దెనిమిది నెలలుగా ఉంది. గది ఇవ్వాలంటే వైద్యం జరుగుతూ ఉండాలి. వైద్యమంటే నెలకొక సూది. ఆ సూది వెయ్యాలంటే ఆస్పత్రికి చిరునామా కావాలి. చిరునామా ఉంటే ఇక గది అక్కర్లేదు. ఇదీ మన పెద్దలు కట్టిన గానుగ. తిరిగేవాడు తిరుగుతూనే ఉండాలి.

ఎనిమిది నెలల కిందట కోడలు ఆస్పత్రి ఫారంలో తన ఇంటి చిరునామా రాసింది. ముందు 'కేరాఫ్' అని రాసి మరీ రాసింది. ఆస్పత్రికీ గదుల ఆఫీసుకూ ఉమ్మడిగా ఉన్న కంప్యూటర్‌లో కేరాఫ్‌కు గడి లేదు. ఆ మాట రాలిపోయింది. ఇల్లు మిగిలింది.

"అంటే ఎనిమిది నెలలుగా మనింట్లో నాకు తెలియని మనిషి ఉంటోందన్నమాట," అన్నాడు భర్త.

"కాగితంలో."

"కాగితంలో ఉన్నవాళ్లే ఉన్నట్టు. పన్నెండేళ్లు ఆ మిల్లులో చాకిరీ చేశాను. మూసేసినరోజు చూస్తే నా పేరు ఏ కాగితంలోనూ లేదు. కాబట్టి నేను పనే చెయ్యలేదు. ఆవిడ మనింట్లో ఉంది. నేను మిల్లులో లేను. చదువుకున్నదానివి, నీకు తెలీదా?"

కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"వచ్చినతను ఏమడిగాడు?"

"కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, 'ఫలానా ఆవిడ ఇక్కడ ఉంటున్నట్టు మీ కోడలు రాసింది, నిజమా అబద్ధమా' అన్నాడు. నిజమా అబద్ధమా అంటే ఏం చెప్పను? నా కోడలు అబద్ధం రాసిందని పరాయివాడి ముందు అంటానా?"

"నాకు ఫోన్ చెయ్యొచ్చుగా."

"నాలుగుసార్లు చేశాను. ఊళ్లో మతిలేనివాళ్లందరి ఫోనూ ఎత్తుతావు. మతి ఉండి చేసినందుకు నాది ఎత్తవు."

"తర్వాత?"

"మా ఇంట్లోనే ఉంటోంది, రెండు పూటలా తిండి పెడుతున్నాం, బజారుకెళ్లింది అన్నాను. వరస ఏంటన్నాడు. ఏదో ఒకటి రాసుకోవయ్యా అంటే, వరస గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదన్నాడు. నోటికొచ్చింది చెప్పాను. నా చెల్లెలన్నాను."

"బాగుంది," అన్నాడు భర్త. "నలభై ఏళ్లొచ్చాక నాకు పిన్ని పుట్టింది."

అత్తగారికి నవ్వు వచ్చింది. కోడలి మొహం చూసి ఆ నవ్వును మింగేసింది.

కోడలు రెండో పేజీ తిప్పి చూపించింది. 'సంరక్షకురాలు: అక్క' అని ఉంది.

"మడతలమ్మ ఫైలు మొదటి పేజీలో ఎర్రసిరాతో నేనే ఒక మాట రాశాను అత్తయ్యా. 'అక్క అని పిలవకూడదు.' టీ అమ్మేవాళ్లకీ, ఊడ్చేవాళ్లకీ కూడా చెప్పాను. అక్కా అని ఎవరు పిలిచినా మూడు రోజులు నీళ్లు ముట్టదు. బస్‌స్టాండు మైకులోంచి వాళ్లక్క తిడుతోందని చెవుల్లో కాగితాలు కుక్కుకునేది. సూది పడ్డాకే మైకు మైకైంది."

అత్తగారు బల్లమీద చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకేం తెలుసే తల్లీ. నేను నీ ఉద్యోగం కోసం చెప్పాను."

"తెలుసు. మీ సంతకంతో ఆవిడ 'కుటుంబంతో ఉంటోంది' అని పడింది. జాబితాలో ఒకటో నంబరు ఆవిడదే. కొట్టేశారు. ఇవాళ ఐదింటికి ఆ గది తర్వాతి నంబరు వాళ్లకి ఇచ్చేస్తారు. మళ్లీ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలీదు."

"పోయి చెబితే సరి. ముసల్దాన్ని, మతిపోయి చెప్పానంటాను."

"చెబితే ముందు పోయేది దీని ఉద్యోగం," అన్నాడు భర్త. తల్లితో అన్నాడు కానీ చూపు భార్య మీదే ఉంది. "ఇప్పుడు ఈ ఇంట్లో జీతమంటూ వచ్చేది ఒక్కటే. అదీ తీసుకెళ్లి బస్‌స్టాండులో పెట్టేసిరా."

"మిమ్మల్ని ఎనిమిది నెలల కిందట అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ని కాదు."

"అందుకే అడగలేదు."

"నలభై ఇద్దరికి నువ్వు దిక్కు. ఈ ఇంట్లో ఇద్దరికి ఎవరు దిక్కు?"

ఆ మాటకు ఆమె దగ్గర సమాధానం ఉంది. చెబితే రాత్రికి తిరిగి రావడం కష్టమయ్యే సమాధానం. సంచి భుజాన వేసుకుంది.

అత్తగారు లేచి చెప్పులు వేసుకుంది. "పద. నా నోటితో చెప్పినదాన్ని నా నోటితోనే కక్కుతాను."

*

ఆఫీసులో సూపరింటెండెంటు మంచివాడు. అదే మన ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి, మనసు చల్లబడి ఇంటికి పోవచ్చు. ఈయన కుర్చీ వేయించాడు. అత్తగారికి మంచినీళ్లు తెప్పించాడు. ఆ తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ ముడుస్తూ, దారులన్నీ మూసేశాడు.

"కేరాఫ్ అని నా చేత్తో రాశాను సార్. అసలు ఫారం తెప్పించండి, కనిపిస్తుంది."

"ఆస్పత్రి అసలు ఫారాలు గోడౌన్‌కి పోయాయమ్మా. తెప్పించాలంటే పైనుంచి ఉత్తరం రావాలి. పది రోజులు. కంప్యూటర్‌లో ఉన్నదే రికార్డు."

"కంప్యూటర్‌లో ఆ మాట ఎందుకు లేదు?"

"గడి లేదు."

"గడి లేకపోతే మాట తీసేస్తారా?"

"నేను తీసేయలేదు. అది ఎక్కలేదు." నిజంగానే బాధపడ్డాడు. "రెండు దారులున్నాయి. మొదటిది, మీ అత్తగారు ఒక కాగితం రాసివ్వాలి. ఇక ఆవిణ్ని మా ఇంట్లో ఉంచుకోలేము, పంపించేశాము అని. తేదీ వెయ్యాలి. అప్పుడు ఆవిడ నిరాశ్రయురాలవుతుంది."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచి."

"మరి పద్దెనిమిది నెలలూ?"

"అప్పుడు మీ ఇంట్లో ఉందిగా. ఇవాళ కొత్తగా చేరితే..." తెర మీదకు వంగి చూశాడు. "మూడువందల పన్నెండు."

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. "ఎప్పుడూ గడప తొక్కని మనిషిని నేను గెంటేసినట్టు రాయాలా?"

"రూలు అదమ్మా. ఇంట్లోంచి వస్తేనే కదా రోడ్డున పడేది."

"రెండో దారి?" అంది కోడలు.

"నువ్వు రాసివ్వాలి. మొదట్నుంచీ ఆమె అక్కడ లేదని, తప్పుడు చిరునామా ఇచ్చానని. నంబరు పోదు."

"కాగితం ఇవ్వండి."

"ఆగమ్మా, తొందరపడకు. నీ ఉద్యోగం సంగతి అటుంచు. తప్పుడు చిరునామా మీద వేసిన సూది తప్పుడు సూదే. సోమవారం నుంచి ఆస్పత్రివాళ్లు ఆపేస్తారు. సూది ఆగిన మనిషికి గది ఇవ్వకూడదు. మొదటి షరతే అది."

కోడలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అంది అత్తగారు. "మధ్యలో నువ్వు కుర్చీ వేసుకుని కూర్చున్నావు నాయనా."

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. గడియారం చూశాడు.

"మా ఇంటికొచ్చినతను బస్‌స్టాండుకి వెళ్లాడా సార్? ఆవిణ్ని కలిశాడా?"

"చిరునామా ఇంటిదైతే ఇంటికే వెళ్తారమ్మా. బస్‌స్టాండుకి ఎందుకు వెళ్తారు?"

బయట మెట్ల మీద ఉండగా కోడలికి భర్త నుంచి ఫోన్ వచ్చింది. ఆమె రెండు దారులూ చెప్పింది. దాచలేదు. అది ఆ రోజు ఆమె చేసిన పొరపాటు.

"ఏమీ రాసివ్వకు," అన్నాడు. "వింటున్నావా? నువ్వేమీ రాసివ్వకు." ఫోన్ పెట్టేశాడు.

*

తొమ్మిదో నంబరు దగ్గర సిమెంటు బల్ల చివర మడతలమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఇప్పుడు టిక్కెట్ల వెనక అంటుకున్న బురద గోటితో గీకి, అరచేత్తో ఒత్తి, నాలుగు మడతలు పెట్టి సంచిలో సర్దుతోంది. ఆ సంచిలో ఏదీ నలిగి ఉండదు.

అత్తగారు దూరంగా స్తంభం దగ్గరే ఆగిపోయింది.

"రా కేసమ్మాయ్," అంది మడతలమ్మ తల ఎత్తకుండానే. "మొహం చూస్తే తెలుస్తోంది, గది పోయింది."

"నా మొహం మీరు చూడలేదు."

"నడక విన్నాను. మంచి కబురు తెచ్చినరోజు చెప్పులు ఈడ్వవు."

కోడలు పక్కన కూర్చుని చెప్పింది. మడతలమ్మ అడ్డుపడకుండా విన్నది. చివరికి,

"మీ ఇంట్లో ఉంటున్నానా నేను?"

"కాగితంలో."

"ఎక్కడ పడుకుంటున్నాను? మంచమా, నేలా?"

"అది రాయలేదు."

"కిటికీ ఉందా?"

"ఒకటుంది."

"బాగానే చూసుకుంటున్నారా?"

"రెండు పూటలా పెడుతున్నామని రాశారు."

"మరి ఇంత చిక్కిపోయానేం?" మోచెయ్యి పట్టుకుని తనే చూసుకుంది. "మీ ఇంటి తిండి ఒంటికి పట్టట్లేదులా ఉంది."

కోడలు నవ్వబోయి నవ్వలేకపోయింది.

"ఎవరు రాశారు?"

"మా అత్తగారు చెప్పారు. వచ్చినతను రాసుకున్నాడు."

"నేను ఆవిడకేమవుతానని?"

కోడలు నకలు కాగితాన్ని ఒళ్లోకి లాక్కుంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఎలాంటి ప్రశ్నకైనా మెత్తగా పక్కకు జరగడం నేర్చుకుంది. ఈ ప్రశ్నకు జరగడానికి పక్క లేదు. మడతలమ్మ ఆమె ఒళ్లోంచి కాగితం తీసుకుంది. విప్పింది. చదవడం వచ్చు ఆమెకు. మొదటి పేజీ చదివింది. రెండో పేజీ సగంలో కాగితాన్ని ఒత్తుతున్న అరచెయ్యి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద మైకు గరగరలాడింది. మడతలమ్మ తల ఎత్తి దాని వైపే చూస్తూ ఉండిపోయింది. ఎనిమిది నెలలు నెలకొకసారి చెయ్యిపట్టుకుని తీసుకెళ్లిన ఆస్పత్రి మెట్లు, వరసలు, బతిమాలడాలు, అన్నీ ఆ చూపు చివర వేలాడుతున్నాయి.

"ఏమంటోంది?" అంది కోడలు.

"తొమ్మిదో నంబరు బండి గంట ఆలస్యమంటోంది." మడతలమ్మ చూపు దించింది. "నీకు వినపడలేదా? చెవులు చూపించుకో."

కోడలు ఊపిరి వదిలింది. ఆ ఊపిరి చూసే మడతలమ్మకు కోపం వచ్చింది.

"నన్ను అడిగావా?"

"ఏమిటి?"

"మీ ఇల్లు రాసేముందు నన్ను అడిగావా? అప్పుడు నీకు మాట అర్థమయ్యే స్థితి లేదంటావు. సరే. సూది పనిచేశాక? నా పక్కన కూర్చుని గోళ్లు కత్తిరించావు. జుట్టు దువ్వావు. మైకు భయం పోయిందా అని వారం వారం అడిగి రాసుకున్నావు. నా ఇల్లు ఎక్కడుందో మాత్రం నాకు చెప్పలేదు."

"మీ మంచికే..."

"మా అక్కా అదే అంది. నా మంచికేనని చెప్పి గదికి బయట గొళ్లెం పెట్టింది. ఏడాది. తర్వాత నా మంచికేనని రోడ్డు మీద దింపింది. ఇప్పుడు నా మంచికేనని కొత్తగా ఒక అక్కను తెచ్చి పెట్టారు. నా మంచి ఎంతమంది చూస్తారమ్మా? చచ్చిపోతున్నాను."

కోడలు తల దించుకుంది. ఈ మాట సూపరింటెండెంటు అనలేదు, భర్త అనలేదు. అనాల్సిన మనిషే అంది. పొద్దున ఇంట్లో 'అందుకే అడగలేదు' అని తను పొగరుగా చెప్పిన మాట ఇప్పుడు తన మీదకే తిరిగొచ్చింది.

స్తంభం దగ్గరనుంచి అత్తగారు వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎండకు మొహం కందిపోయి ఉంది.

మడతలమ్మ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వేనా?"

"నేనే."

"నా అక్కవా?"

"కాదు. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"కోడలి పరువు పోతుందని."

"నా మీద పెట్టి కాపాడుకున్నావా పరువు?"

"నీ పేరు కూడా నాకు తెలీదమ్మా. అతను చదివితేనే విన్నాను. చెప్పేటప్పుడు నువ్వు మనిషివని కూడా తోచలేదు. ఫారం అనుకున్నాను." అత్తగారు బల్ల మీద కూర్చోలేదు. "తప్పు చేశాను."

బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది.

"అబద్ధం చెప్పానని ఒప్పుకున్న అక్కని ఇప్పుడే చూస్తున్నాను," అంది మడతలమ్మ. సంచి భుజానికి తగిలించుకుంది. "పదండి. ఆ ఆఫీసు నాకూ చూపించండి. పద్దెనిమిది నెలలుగా వింటున్నాను, ఎలా ఉంటుందో తెలీదు."

*

నాలుగున్నర దాటాక ముగ్గురూ మెట్లెక్కారు. సూపరింటెండెంటు గదిలో భర్త నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

బల్లమీద తాజా కాగితం. ఆమెను మా ఇంటినుండి పంపించివేసితిమి. కింద ఇంటి యజమానురాలి తరపున కుమారుడు అని సంతకం.

"అయిపోయింది," అన్నాడు భార్యతో. "నువ్వేమీ రాయక్కర్లేదు. నీ ఉద్యోగం నీకుంది. ఒకసారి సరైన చిరునామా మీద మొదలైంది కాబట్టి ఆవిడ సూదీ ఆగదు. అన్నీ కనుక్కునే చేశాను."

"గది?"

"నంబరు వస్తుంది. వచ్చినప్పుడు వస్తుంది. ఏం, నేను తప్పేం చేశాను?"

తప్పేమీ చెయ్యలేదు. ఈ కథలో ఎవరూ తప్పు చెయ్యడం లేదు, గమనించారా? కోడలు సూది కోసం రాసింది. అత్తగారు కోడలి కోసం సంతకం పెట్టింది. కొడుకు పెళ్లాం కోసం పెట్టాడు. ఒకరికోసం ఒకరు ప్రాణం పెట్టే ఇల్లు. ఆ ప్రేమంతా కలిసి ఒక మనిషిని ఒకటో నంబరు నుంచి మూడువందల పన్నెండుకు తోసింది. తోయించింది ఎవరో మొదటి మాటలోనే చెప్పాను.

"నా తరపున నువ్వెవడివిరా?" అంది అత్తగారు. "నేను చచ్చానా?"

"అమ్మా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

మడతలమ్మ అతని వైపు వేలు చూపించింది. "ఈయనెవరు?"

"నా కొడుకు," అంది అత్తగారు. "ఇప్పుడే నిన్ను మా ఇంట్లోంచి గెంటేశాడు."

"నేనెప్పుడొచ్చానని?"

అతను మొహం తిప్పుకున్నాడు. మిల్లు మూసేసిన ఈ ఏడు నెలలుగా అతను ఈ ఊళ్లో ఏ గదిలోనూ తలెత్తుకుని నిలబడలేదు. ఇవాళ ఒక పని పూర్తిచేశానని నిలబడ్డాడు. అదీ మిగల్లేదు.

సూపరింటెండెంటు కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "ఇంకా ఎక్కించలేదు. ఐదుకి పన్నెండు నిమిషాలుంది. ఎక్కిస్తే ఇదీ, లేకపోతే పాతదీ ఉంటుంది. ఎలాగూ ఆ గది ఇక..." అప్పుడు కొత్త మనిషిని చూశాడు. "అమ్మా, మీరెవరు?"

"మీ ఫైలుని."

ఆయన కళ్లజోడు తీశాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలోకి ఫైలు నడిచి రావడం ఇదే మొదలు. కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మేడమ్‌తో మాట్లాడాను, ఆవిడ మీకు అన్నీ..." అంటూ కోడలి వైపు చూశాడు.

కోడలు ఒక అడుగు పక్కకు జరిగింది. "నాతో కాదు సార్. ఆవిడతో మాట్లాడండి."

"నీ ఉద్యోగం," అన్నాడు భర్త, చాలా నెమ్మదిగా.

ఆమె తిరిగి చూడలేదు.

మడతలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"విచారణ అన్నారు. ఇంటికెళ్లి ఈవిణ్ని అడిగారు. అబద్ధం చెప్పింది, రాసుకున్నారు. ఈయన అడక్కుండానే వచ్చి చెప్పాడు, అదీ తీసుకున్నారు. ఆ కంప్యూటర్ పెట్టెని పొద్దున్నుంచీ అడుగుతున్నారు. నేను తొమ్మిదో నంబరు దగ్గర ఒకే బల్ల మీద ఉన్నాను. చీపురు పట్టుకున్నవాణ్ని అడిగినా చెబుతాడు. మీలో ఒక్కరూ రాలేదు."

"రూలు ప్రకారం..."

"నాకు మూడు మాటలే చెప్పడం వచ్చు, వినండి. ఈయన కాగితం చింపండి. ఆ గది ఎవరికీ ఇవ్వనని ఇప్పుడే మీ పైవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. తర్వాత గళ్లు లేని తెల్లకాగితం ఒకటి తీసి, రాత్రి నేనెక్కడ పడుకున్నానో నన్ను అడగండి. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. రాసింది నాకు చదివి వినిపించండి. నేను అవునంటేనే ఐదు అయినట్టు."

సూపరింటెండెంటు చెయ్యి ఫోనుకూ కాగితానికీ మధ్య గాలిలో ఆగింది.

"ఏం చూస్తారు? అడగండి."